పేలని నాలుగు తూటాలు

పోయిన వారం మనం భేకిసిసా ఖుమాలో అనే భేకిని దక్షిణాఫ్రికాలోని మరిట్స్‌బర్గ్ శివార్లలో తుపాకీ శిక్షణ కేంద్రం గుమ్మం ముందు వదిలిపెట్టాం. లోపలికి పోదామంటే అతనికి కాళ్ళాడటం లేదు. వెనక్కి పోతే ఉద్యోగం ఉండదు. పిడి లాగి తోసి కాల్చే పంపు తుపాకీతో ఏటేటా పరీక్ష నెగ్గితేనే డబ్బు బండి మీద కాపలా ఉద్యోగం. ఆ పరీక్ష ఇవాళ.

అయిదు నెలల కిందట ఎడెన్‌డేల్ రోడ్డులో దొంగలు ఆ డబ్బు బండిని అటకాయించిన రోజున బండిలో ఉన్నది ఇద్దరే. డ్రైవరు ఫనా షాంగే లోపల కూర్చున్నాడు. అతని స్నేహితుడు భేకి పంపు తుపాకీ పట్టుకుని బండి వెనక నిలబడ్డాడు. పోలీసు సైరన్ వినబడి దొంగలు పారిపోయారు గానీ, అప్పటికే ఫనా తలుపు తీసి బయటికి దూకాడు, ఎడమ మోకాల్లో గుండు దిగింది. ఆకాశం ఊడిపడ్డా డ్రైవరు తలుపు తీయకూడదని కంపెనీ నియమం. ఎందుకు తీశావని అడిగితే, "వెనక నుంచి ఒక్క కాల్పూ వినబడలేదు. భేకి చచ్చిపోయాడేమోనని దూకాను" అన్నాడు ఫనా. "నేను నాలుగుసార్లు కాల్చాను" అని భేకి ప్రమాణం చేసి రాసిచ్చాడు.

ఆ ఒక్క మాటతో భేకి వీరుడయ్యాడు. ఫనా అబద్ధాలకోరయ్యాడు. దొంగలతో కుమ్మక్కై తలుపు తీశాడేమోనన్న అనుమానం మీద అతన్ని ఉద్యోగం నుంచి ఆపేసి విచారణ పెట్టారు.

భేకి ఆ రోజు ఒక్కసారి కూడా కాల్చలేదు. పేలకుండా తారు రోడ్డు మీద దొర్లిన నాలుగు ఎర్ర తూటాలను తనే ఏరి జేబులో వేసుకున్నాడు. మర్నాడు మ్సుందూజీ నదిలోకి విసిరేశాడు. ఈ సంగతి మనకు తెలుసు, అతనికి తెలుసు. మరెవరికీ తెలియదు.

"భుటీ భేకీ! అక్కడే నిలబడిపోయారేంటి?"

భేకి తలతిప్పి చూసి గతుక్కుమన్నాడు. ఫనా భార్య దుదుజీలే. ఆమెకు అతను భుటీ, అంటే అన్న; అతనికి ఆమె సిసీ, చెల్లెలు. కొత్త బూట్లు వేసుకుంది. ఒంటి మీద ఇంకేదో కాపలా కంపెనీవాళ్ళ నీలం చొక్కా, ఇస్త్రీ మడతలు కూడా పోలేదు.

"నువ్వెందుకొచ్చావ్, సిసీ?"

"ఉద్యోగానికి. గోదాము దగ్గర పగటి కాపలా. తుపాకీ చీటీ తెస్తేనే తీసుకుంటామన్నారు." ఆమె నవ్వింది. "ఫనా ఇంట్లో కూర్చున్నాడు కదా, ఎవరో ఒకరు బయటికి రావాలి. వద్దు వద్దన్నాడు. భేకి చేసే పనే కదా నేను చేస్తానన్నాను. ఆ మాటతో ఊరుకున్నాడు."

ఆమె అతని మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. ఇక వెనక్కి తిరగడానికి వీల్లేకుండా పోయింది భేకికి.

కాల్చే గది పొడుగాటి సిమెంటు సొరంగంలా ఉంటుంది. చివర నల్లటి రబ్బరు దిమ్మెల గోడ, దాని ముందు తీగకు వేలాడే కాగితం బొమ్మలు. పొగ లాగే పంకాల హోరులో మామూలుగా మాట్లాడితే వినబడదు. శిక్షణకు వచ్చినవాళ్ళు ఎనిమిది మంది బల్ల మీద కూర్చుని ఉన్నారు. భేకి కంపెనీలోనే పనిచేసే సెలే అతన్ని చూడగానే లేచి నిలబడి సలాం కొట్టాడు.

"జరగండి, జరగండి! ఎడెన్‌డేల్ వీరుడొచ్చాడు. ఆ కాగితం బొమ్మల్ని చూడండి, ఇప్పుడే చేతులెత్తేస్తున్నాయి!"

అందరూ నవ్వారు. దుదుజీలే అందరికన్నా గట్టిగా, గర్వంగా నవ్వింది. భేకి మెడ దాకా వేడెక్కింది. ఈ అయిదు నెలల్లో ఇలాంటివి చాలానే భరించాడతను. కంపెనీవాళ్ళు అద్దం కట్టించిన మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. చర్చిలో పాస్టరు లేచి నిలబడమంటే నిలబడ్డాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో చంకకర్రల మీద నిలబడలేక బెంచీకి ఆనుకున్న ఫనా కూడా ఉన్నాడు.

"సెలే, నీ నోటికి కూడా ఒక మూత దొరికితే బాగుండేది" అంటూ వచ్చింది సార్జెంట్ మజిబుకో. పాతికేళ్ళు పోలీసుల్లో చేసి దిగిపోయి ఇక్కడ శిక్షణ ఇస్తున్న మనిషి. భారీ శరీరం, ముక్కు చివర చదువు కళ్ళద్దాలు. "చెవిమూతలు పెట్టుకోండి. కొత్తవాళ్ళు ముందు."

దుదుజీలే వంతు వచ్చింది. తుపాకీ భుజానికి ఆనించి మడమల మీద వెనక్కి వాలింది.

"ముందుకు, సిసీ" అన్నాడు భేకి ఆగలేక. "ఎడమ మోకాలు కొంచెం వంచు. అది తన్నుతుందని వెనక్కి పోతే ఇంకా తంతుంది. భుజంలోకి గట్టిగా లాక్కో."

ఆమె అలాగే చేసింది. మొదటి కాల్పుకి అదిరిపడి రెండడుగులు వెనక్కి వేసింది. రెండోది బొమ్మ భుజాన్ని చింపింది. మూడోది, నాలుగోది నడుము దగ్గర. తుపాకీ దించాక భుజం రుద్దుకుంటూ అతనివైపు తిరిగి, "చూశారా! ఇవాళ ఇంటికెళ్ళి ఫనాకి చెప్తా, భుటీ నేర్పితే వచ్చేసిందని" అంది.

సార్జెంట్ ఆ కాగితం చూసి పెదవి విరిచింది గానీ బాగాలేదనలేదు. తర్వాత భేకివైపు వేలు చూపించింది.

"ఖుమాలో, నువ్వు రా. ఇంత ప్రశాంతంగా ఎవరైనా కాలుస్తారు. అసలు సమయంలో దొంగలు నిన్ను ఊపిరి కూడా తీసుకోనివ్వరు. దీపాలు తగ్గిస్తా, సైరన్ పెడతా. సెలే, నువ్వా ఇనుప డ్రమ్ము దగ్గర నిలబడి నేను చెయ్యెత్తగానే బాదు. పది సెకన్లు, నాలుగు తూటాలు. నిజంగా చేసి వచ్చినవాడు ఎలా చేస్తాడో వీళ్ళు చూడాలి."

"నేను... మామూలు పరీక్ష ఇస్తాను, సార్జెంట్."

"ఇదే మామూలు పరీక్ష. ఈ ఏడు నుంచి అందరికీ."

భేకి గీత దగ్గరికి వెళ్ళాడు. నాలుగు ఎర్ర తూటాలు ఒక్కొక్కటే గొట్టంలోకి నెట్టాడు. పిడి వెనక్కి లాగి ముందుకు తోశాడు. మొదటి తూటా అరలోకి ఎక్కింది. అయిదు నెలల తర్వాత ఆ తుపాకీ ముట్టుకోవడం ఇదే. గాయం మానేదాకా ఆఫీసు పని చేస్తానని రాసి పెట్టుకున్నాడు. గాయం ఏమిటని ఎవరూ అడగలేదు. వీరుణ్ణి ఎవరడుగుతారు?

దీపాలు తగ్గాయి. సైరన్ ఒక్కసారిగా మోగింది. వీపు వెనక డ్రమ్ము మీద ఇనుప కడ్డీ దబదబ పడింది. ఎదురుగా బొమ్మ కదిలింది.

ఆ తర్వాత ఏం చేశాడో భేకికి తెలియదు. చేతులు మాత్రం చకచకా పనిచేస్తున్నాయి. చక్-చక్. చక్-చక్. చక్-చక్. చక్-చక్. అయిపోయింది, అంతా కాల్చేశానన్న గట్టి నమ్మకంతో అతను తుపాకీ దించాడు.

సైరన్ ఆగింది. డ్రమ్ము ఆగింది. దీపాలు వెలిగాయి.

కాగితం బొమ్మ మీద ఒక్క చిల్లు కూడా లేదు. ఎర్ర తూటాలు నాలుగూ సిమెంటు గచ్చు మీద దొర్లుతూ పోతున్నాయి. వాటిలో ఒకటి దుదుజీలే కొత్త బూటుకు తగిలి ఆగింది.

సెలే నవ్వబోయి ఆగిపోయాడు. నవ్వొచ్చే సంగతి కాదని అతనికీ తెలిసింది.

"తూటాలు బాగోలేనట్టున్నాయి సార్జెంట్" అన్నాడు భేకి. "చెమ్మ తగిలుంటుంది."

సార్జెంట్ కష్టపడి వంగి మూడు తూటాలు ఏరుకుంది. నాలుగోది దుదుజీలే తీసి ఇచ్చింది. సార్జెంట్ కళ్ళద్దాలు పైకి తోసుకుని, తూటాల ఇత్తడి అడుగులు దీపం కింద పెట్టి చూసింది. ఆ నాలుగూ అతని తుపాకీలోకే ఎక్కించి, గీత దగ్గర నిలబడి, తొందర లేకుండా కాల్చింది. గది నాలుగుసార్లు దద్దరిల్లింది. బొమ్మ గుండెలో గుప్పెడంత కన్నం పడింది.

"తూటాలు బాగానే ఉన్నాయి, ఖుమాలో. నేను కాల్చేముందు చూశా, సూది కొట్టినట్టు వాటి అడుగున చిన్న నొక్కు కూడా లేదు. నీ వేలు ట్రిగ్గర్ మీద లేదు." ఆమె తుపాకీ పక్కకి తిప్పి, ట్రిగ్గర్ ముందున్న చిన్న మీట చూపించింది. "దీని మీద ఉంది. తుపాకీ ఖాళీ చేసేటప్పుడు, తూటాలు పేలకుండా బయటికి తీయడానికి నొక్కేది ఇదే కదా. ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నావీ పని?"

"పద్నాలుగు."

"పద్నాలుగేళ్ళ నుంచి రోజూ పని దిగేటప్పుడు ఇలాగే ఖాళీ చేసుంటావు. కాల్చింది ఏడాదికొక్కసారి. ప్రాణం మీదికొచ్చినప్పుడు చెయ్యి తనకు బాగా అలవాటైన పనే చేస్తుంది. నేను పోలీసుల్లో ఉండగా మంచి మంచివాళ్ళు చేశారిది. తర్వాత ఒట్టేసి చెప్తారు, కాల్చామని. నిజంగానే అలా అనుకుంటారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు."

ఆ చివరి మాట ఆమె మంచి మనసుతోనే అంది. అది మాత్రం భేకి తట్టుకోలేకపోయాడు. చెవిమూతలు బల్ల మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా పక్క తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

బయట కార్లు నిలిపే చోట ఎండ మాడ్చేస్తోంది. గోడ నీడలో నీళ్ళ కుళాయి ఉంది. భేకి దాని కింద తలపెట్టాడు. నీళ్ళు మెడ మీదుగా చొక్కాలోకి కారుతున్నా అలాగే ఉండిపోయాడు. వెనక బూట్ల చప్పుడు వినబడింది. ఎవరివో చూడక్కర్లేదు.

దుదుజీలే వచ్చి పక్కన నిలబడింది. "నాలుగుసార్లు" అంది.

అతను కుళాయి కట్టేశాడు.

"ఆస్పత్రిలో కళ్ళు తెరవగానే ఫనా నాతో అన్న మొదటి మాట ఏంటో తెలుసా, భుటీ? 'దుదూ, వెనక పంపు లాగిన చప్పుడు నాలుగుసార్లు వినబడింది. ఒక్కసారీ పేలలేదు. భేకి తుపాకీ పాడైంది, వాణ్ణి చంపేస్తారు అనుకున్నా.' అందుకే దూకాడు. ఇప్పుడు లోపల మీ వెనకే నిలబడి, ఆ సైరన్ మధ్యనే నేనూ విన్నాను ఆ చప్పుడు. అచ్చం ఆయన నోటితో చేసి చూపించినట్టే ఉంది."

"సిసీ..."

"కంపెనీవాళ్ళేమో భయానికి ఫనా చెవులు పనిచేయలేదన్నారు. నాలుగుసార్లు కాల్చానని వీరుడు రాసిచ్చాడు, ఫనా అబద్ధమన్నా చెప్తుండాలి, పిరికితనంతోనన్నా దూకుండాలి అన్నారు. మొదట్లో కొట్లాడాడు. తర్వాత తర్వాత నమ్మేశాడు. ఇప్పుడు పొద్దున లేచి మంచం మీద కూర్చుని తనలో తనే అనుకుంటాడు, 'నేను పిరికివాణ్ణే దుదూ, చప్పుడు కూడా నేనే కల్పించుకున్నా' అని. మా పెద్దవాడు ఎదురుగానే ఉంటాడు. వాడి ముందే అంటాడు."

భేకి గోడకు వీపు ఆనించి కిందికి జారి కూర్చున్నాడు. నలభై రెండేళ్ళ మనిషి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"మొదటి నిమిషం నేనూ కాల్చాననే అనుకున్నా" అన్నాడు వేళ్ళ మధ్య నుంచి. "దేవుడి మీద ఒట్టు. తర్వాత కింద చూస్తే పడున్నాయి. పోలీసులు పరిగెత్తుకొస్తున్నారు, ఫనా రోడ్డు మీద అరుస్తున్నాడు. నేను ముందు వాడి దగ్గరికి పోలేదు సిసీ. ముందు తూటాలు ఏరుకున్నా."

దుదుజీలే ముఖం పాలిపోయింది.

"ముందు తూటాలు ఏరుకున్నారు."

"ఊ."

"ఆయన రక్తం కారుతూ పడుంటే."

"ఊ."

ఎవరో ఎన్ని కాల్చావని అడిగారనీ, నోట్లోంచి నాలుగు అని వచ్చేసిందనీ, ఆ మర్నాడు ఫనా ఏం చెప్పాడో తెలిసేసరికి తను సంతకం పెట్టేశాడనీ చెప్పాడు. ఒక్కొక్క రోజు గడిచేకొద్దీ చెప్పడం మరింత కష్టమైపోయిందన్నాడు. చెప్తున్నకొద్దీ ఆ మాటలు ఎంత చచ్చుగా ఉన్నాయో అతనికే వినబడుతోంది.

ఆమె అరుస్తుందనుకున్నాడు. కొడుతుందనుకున్నాడు. కొట్టినా బాగుండేది.

"ప్రతి ఆదివారం మొక్కజొన్న పిండి మూట మోసుకొచ్చేవారు" అందామె మెల్లగా. "దాంతోనే ఫుతు సంకటి వండి పిల్లలకు పెట్టాను. తినేముందు మీ పేరు చెప్పి ప్రార్థన చేయించాను. భుటీ భేకి లేకపోతే మీ నాన్న లేడని చెప్పాను. మాతో కూర్చున్నప్పుడు ఒక్కసారన్నా మీకు ముద్ద గొంతు దిగకుండా పోలేదా?"

"ఒక్కసారి కూడా దిగలేదు సిసీ. అందుకే మీ ఇంట్లో ఎప్పుడూ తినకుండా లేచిపోయేవాణ్ణి."

"మొహమాటం అనుకున్నాం మేం. చూశారా, ఎంత వెర్రివాళ్ళమో."

ఆమె చొక్కా జేబులోంచి ఫోను తీసింది. నంబరు నొక్కింది. మోగుతుండగానే అతని ముందుకు చాపింది.

"నేను చెప్పను. నేను చెప్తే భార్య కదా, ఓదార్చడానికి అంటోందనుకుంటాడు. మీ నోటితోనే వినాలి."

భేకి ఫోను అందుకున్నాడు.

"దుదూ!" ఫనా గొంతు హుషారుగా వచ్చింది. "ఏమన్నా తగిలిందా, గోడకు కన్నాలు పెట్టొస్తున్నావా?"

"ఫనా, నేను. భేకిని."

"ఓ, వీరుడా! నువ్వున్నావా అక్కడ? మంచిదైంది. మా ఆవిడకి చెప్పకు గానీ, నీకు చెప్తా. ఇవాళ ఈ పీడ వదిలించుకుంటున్నా. గ్రోబ్లర్ గారు ఇంటికొచ్చారు. కాగితం రాసి తెచ్చారు. భయపడి తలుపు తీశాను, కాల్పులు వినబడలేదని తప్పు చెప్పాను అని ఉంది. సంతకం పెడితే విచారణ ఆపేస్తారట, పోలీసు కేసు పెట్టరట. నీ మాటకి ఎదురు చెప్పి నిన్ను కూడా ఇబ్బంది పెట్టాను కదరా. క్షమించు."

గ్రోబ్లర్ కంపెనీ విచారణాధికారి. మెచ్చుకోలు పత్రం మీద సంతకం కూడా ఆయనదే.

"సంతకం పెట్టావా?"

"పెట్టబోతున్నా. కలం చేతిలోనే ఉంది."

"పెట్టకు. కలం కింద పెట్టు, ఫనా."

"ఎందుకు?"

భేకి కళ్ళు మూసుకున్నాడు. తెరిస్తే దుదుజీలే కనబడుతుంది. ఆమె ముందు చెప్పడం కష్టం, ఆమె ముందు చెప్పకపోవడం ఇంకా కష్టం.

"నేను కాల్చలేదు. ఒక్కటి కూడా కాల్చలేదు. నాలుగూ పేలకుండా కిందపడ్డాయి, నేనే ఏరి నదిలో పారేశా. నువ్వు విన్నది నిజం. నా కోసమే దూకావు నువ్వు. నేను నిన్ను అబద్ధాలకోరును చేశా."

ఫోనులో ఎక్కడో కోడి అరుపు, పిల్లల మాటలు వినబడుతున్నాయి. తిట్టు వస్తుందనుకున్నాడు భేకి.

"అయితే..." అన్నాడు ఫనా. గొంతు పసిపిల్లాడి గొంతులా సన్నగా ఉంది. "అయితే నా చెవులు బాగానే ఉన్నాయన్నమాట."

అంతే అన్నాడు. ఆ తర్వాత వినబడింది నవ్వో ఏడుపో తెలియలేదు. దుదుజీలేకి మాత్రం తెలిసింది. ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది.

భేకి ఏదో అనబోయాడు. ఈలోగా ఫోనులో వేరే గొంతు పలికింది. తొణకని గొంతు, ప్రతి మాటా తూచినట్టు.

"ఖుమాలో, నేను గ్రోబ్లర్‌ని. ఫోను స్పీకర్లో ఉంది, అంతా విన్నాను. ప్రమాణం చేసి తప్పుడు వాంగ్మూలం ఇస్తే ఏమవుతుందో నీకు తెలిసే ఉంటుంది. ఉద్యోగం ఒక్కటే పోదు, జైలు కూడా ఉంటుంది. కంపెనీకి కూడా ఇది మంచిది కాదు. వీరుడని పేపర్లో నీ ఫోటో వేయించింది మేమే. కంగారులో ఉన్నావు, స్నేహితుడి మీద జాలితో ఏదో అన్నావు. నేనలా అనుకోగలను. ఇందాక నువ్వన్నది నేను వినలేదనుకోమంటావా? లేక రాసుకోమంటావా?"

భేకి తలెత్తాడు. పక్క తలుపులో సెలే, మిగతావాళ్ళు, అందరి వెనక సార్జెంట్ మజిబుకో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో తెలియదు. దుదుజీలే మొహం తుడుచుకుని మళ్ళీ అతనివైపు తిరిగింది.

"త్వరగా చెప్పు ఖుమాలో" అన్నాడు గ్రోబ్లర్. "జైలు మాట వినగానే షాంగే మళ్ళీ కలం పట్టుకున్నాడు."